మావయ్య ఫోన్ ఊడ్చిన రోజు

మా ఆయన తండ్రిని నేను మావయ్య అంటాను. ఆయన చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో ఫోటో దిగకుండా తప్పించుకున్న ప్రాణి లేదు. గేదె దిగింది, దూడ దిగింది, పెరట్లో ఆనపపాదు పిందె వేసిన రోజునా దిగింది, కాయ కోసిన రోజునా దిగింది. చెరుకు తోట పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దిగేది. ఈలోపల అదేమైనా పొడుగు సాగిందేమోనని ఆయన అనుమానం. నేను బట్టలు ఆరేస్తూ దిగాను, తాలింపు పొగకి దగ్గుతూ దిగాను, స్కూలుకి ఆలస్యమై ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోది మంచం కింద వెతుక్కుంటూ కూడా దిగాను. ఈ ఫోటోల్లో సగం వాటిలో ఓ మూల మావయ్య బొటనవేలు ఉంటుంది. అది ఆయన సంతకం అని నేను వెక్కిరిస్తే ఆయన నవ్వి ఊరుకునేవారు.

చోడవరంలో మేముండేది పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే రోడ్డు పక్క వీధిలో. మావయ్యకి ఊరి బయట కొంత చెరుకు, కొంత వరి. మా ఆయన విశాఖపట్నంలో షిఫ్టుల ఉద్యోగం, వారానికోసారి వస్తాడు, వచ్చి నిద్రపోతాడు. నేను ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ చెప్తాను. ఈ ఉద్యోగం వల్ల నాకు వచ్చే జీతం కంటే వచ్చిన తిప్పలు ఎక్కువ. వీధిలో ఎవరి టీవీకి బొమ్మ రాకపోయినా, ఎవరి ఫోన్ వేడెక్కినా నన్నే పిలుస్తారు. ఒకసారి మిక్సీ తిరగట్లేదని పిలిచారు. వెళ్ళి చూస్తే జార్ సరిగ్గా కూర్చోలేదు. కూర్చోబెట్టాను, తిరిగింది. అప్పటి నుంచి నా పేరు ఇంకాస్త మారుమోగింది, నా ఆదివారాలు పోయాయి.

అలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకుని మావయ్య ఫోన్ నిండిపోయిందంటే ఊరుకుంటారా? నిండిందని ఫోన్ చెప్పిన మొదటిసారి ఆయన దాన్ని నా ఒళ్ళో పెట్టి ఎదురుగా కూర్చున్నారు. ఇంట్లో వాళ్ళందరికీ కలిపి క్లౌడ్‌లో ఒక అకౌంటు తెరిచి, ఆయన ఫోన్‌ని దానికి కలిపాను. ఇంట్లో కంప్యూటర్‌నీ, నా పాత ల్యాప్‌టాప్‌నీ కూడా కలిపాను. ఇక మీరు తీసిన ప్రతి ఫోటో దానంతటదే పైకి వెళ్ళి, అక్కణ్ణుంచి కంప్యూటర్లోకి కూడా దిగుతుంది, మీరేమీ చెయ్యక్కర్లేదు అని చెప్పాను.

"అంటే గాదెలో పోసీసినట్టేనా అమ్మా?" అన్నారు.

అవునన్నాను. ఆ ‘అవును’ నా తప్పు అని ఇప్పటికీ ఒప్పుకోను. ఆయన పోయడం గురించి అడిగారు, పోశాక చేసే పని గురించి అడగలేదు.

ఇక మా అత్తయ్య. ఆ ఇంట్లో ఫోటోకి లొంగని ప్రాణి ఆవిడ ఒక్కతే. ఫోన్ ఎత్తడం ఆలస్యం, కొంగు నోటికి అడ్డం వచ్చేసేది. పైవరసలో ముందు పన్ను ఒకటి లేదు ఆవిడకి. ఈ మధ్య పోయింది కాదు, పెళ్ళయిన కొత్తలో పోయిందట. అలాగని నవ్వని మనిషి కాదు, మా వీధిలో అంత నవ్వే మనిషి ఇంకొకరు లేరు. కానీ నవ్వు వస్తోందని తెలియగానే చెయ్యి దానంతటదే కొంగు వెతుక్కుంటుంది. కొంగు వెనక కళ్ళు నవ్వుతాయి, భుజాలు ఎగురుతాయి, మనకి కనిపించేది చీర అంచు. నేను కాపురానికొచ్చిన చాలా రోజులకి గానీ ఆవిడకి పన్ను లేదన్న సంగతి నాకు తెలీలేదు. అదీ, ఆవిడ నిద్రలో ఆవలిస్తే చూశాను.

మావయ్యకి ఆవిడ మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచి ఒకరినొకరు ఎరిగినవాళ్ళు. ఆవిడ ఈయన్ని అందరి ముందూ బావా అనే పిలుస్తుంది, అందరి ముందూ తిడుతుంది, ఆయన అందరి ముందూ పడతారు. వాళ్ళిద్దరి మధ్య చెప్పుకోని మాట అంటూ ఏదైనా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మా ఆడపడుచుని, నేను వదినా అని పిలిచే ఆవిణ్ణి, రావికమతం దగ్గర ఇచ్చారు. వాళ్ళ తోట దగ్గరే బెల్లం వండుతారు. కిందటి సీజన్లో ఒక రోజు మేం ముగ్గురం అక్కడికి వెళ్ళాం. పెనంలో పాకం కుతకుతలాడుతోంది. అత్తయ్య వేడి బెల్లం అరచేతుల్లోకి తీసుకుని, ఊదుకుంటూ, పిల్లలకి ఉండలు చేసి పెడుతోంది. మావయ్య ఫోన్ పట్టుకుని పెనం చుట్టూ ప్రదక్షిణ మొదలుపెట్టారు. పెనం అంతా ఒకే ఫోటోలో పట్టాలని ఆయన పట్టుదల. ఒక అడుగు వెనక్కి, ఇంకో అడుగు వెనక్కి వేసి, చెరుకు పిప్పి కుప్పలోకి వెల్లకిలా పడిపోయారు. ఫోన్ మాత్రం నేలకి తగలనివ్వలేదు, దేవుడి పల్లకీలాగ పైకెత్తే పట్టుకున్నారు. పడుతూ పడుతూ వేలు నొక్కుకుంది.

ఆ ఫోటో అలా వచ్చింది. ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటుంది. మూల యథాప్రకారం బొటనవేలు ఉంటుంది. మధ్యలో అత్తయ్య. రెండు చేతులూ మణికట్టు దాకా బెల్లం, అంచేత కొంగు పట్టుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆ పన్ను సందు బాహాటంగా కనిపిస్తోంది. ఎంత బావుందో చెప్పలేను.

ఆ సాయంత్రం వదిన వాళ్ళింట్లో అందరం ఆ రోజు ఫోటోలు ల్యాప్‌టాప్‌లో చూశాం. నా పాత ల్యాప్‌టాప్ అప్పటికే వదిన కూతురి చదువు కోసం ఇచ్చేశాను, అకౌంటు మాత్రం అందులో అలాగే ఉంది. ఒక్కొక్క ఫోటో తెరుచుకుంటూ వెళ్తే ఇది వచ్చింది. ఇల్లంతా ఘొల్లుమంది. అత్తయ్య నవ్వలేదు. తెర నిండా తన నోరు చూసుకుని, అది తీసెయ్యమని నాతో గట్టిగా చెప్పింది. మావయ్య ఫోన్ జేబులో పెట్టుకున్నారు. తర్వాత నెలంతా ఆవిడ తీసెయ్యమనడం, ఆయన అలాగేలే అనడం, తియ్యకపోవడం. చివరికి ఆవిడ ఇంకో దారి చూసుకుంది. అనకాపల్లి వెళ్ళి పన్ను కట్టించుకుని వచ్చింది.

ఒకే ఒక్క పన్ను, చిన్న తీగతో పక్క పళ్ళకి తగిలించుకునేది. తీసి గ్లాసులో వేసుకోవచ్చు. అది వచ్చాక అత్తయ్య పూర్తిగా మారిపోయింది. ఫోన్ చూస్తే పారిపోయే మనిషి ఫోన్ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. తలుపు దగ్గర నిలబడి ఒకటి, తులసికోట దగ్గర ఒకటి, కొత్త చీర కట్టుకుని ఒకటి. అన్నిట్లోనూ పళ్ళన్నీ బయటపెట్టి, పళ్ళడాక్టరు ఆస్పత్రి బోర్డు మీది మనిషిలాగ. మావయ్య అడిగిన ప్రతిసారీ తీసేవారు. ఆ పన్ను గురించి మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. ఆయనకి సంతోషంగా ఉందనుకున్నాం.

ఇప్పుడు ఊడ్చిన రోజు సంగతి. ఆ రోజు నేను స్కూలుకి వెళ్ళాక ఫోన్ నిండిపోయిందని మళ్ళీ చెప్పిందట. కోడల్ని ఇబ్బంది పెట్టడం దేనికని మావయ్య ఇంట్లో కంప్యూటర్ తెరిచి చూసుకున్నారు. తన ఫోటోలన్నీ అందులో నిండుగా ఉన్నాయి. పంట గాదెలో పడిందని ఖాయం చేసుకున్నారు. ధాన్యం గాదెకి చేరాక రైతు చేసే పని ఏమిటి? కళ్ళం ఊడవడం. ఫోన్‌లో ఉన్న ఫోటోలన్నిటికీ టిక్కు పెట్టి, తీసెయ్యమని నొక్కారు. అన్ని చోట్ల నుంచీ తీసెయ్యమంటారా అని ఫోన్ ఇంగ్లీషులో అడిగే ఉంటుంది. మావయ్య ఫోన్ ఏమడిగినా ఓకే అనే మనిషి, దాంతో వాదన దేనికని.

అప్పటికీ కొంప మునిగిపోలేదు. తీసేసినవి కొన్నాళ్ళు ఫోన్ చెత్తబుట్టలో పడి ఉంటాయి, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇలాంటి వాళ్ళని దృష్టిలో పెట్టుకునే ఎవరో ఆ ఏర్పాటు చేసి ఉంటారు. ఆ ఎవరికో మా ఇంటి ఆనవాయితీ తెలీదు. మా ఇంట్లో దీపం పెట్టాక చీపురు ముట్టరు, చెత్త గుమ్మం దాటించరు, లక్ష్మీదేవి వెళ్ళిపోతుందని. కాబట్టి ఇంట్లో చెత్త ఏమున్నా పొద్దు వాలకముందే పారబొయ్యాలి. మావయ్య ఆ చెత్తబుట్ట చూశారు, గోడ గడియారం చూశారు, దీపాల వేళ అవుతోంది. మొత్తం పారబోసి, కాళ్ళు కడుక్కుని వచ్చి, దీపం పెట్టమని అత్తయ్యకి చెప్పారు.

నేను ఇంటికొచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు, పరీక్ష బాగా రాసిన పిల్లాడి మొహంతో.

"కళ్ళం ఊడిసేసేనమ్మా. సుబ్రంగా ఉంది సూడు," అని ఫోన్ నా చేతికిచ్చారు.

శుభ్రంగానే ఉంది. బ్యాగు కూడా దించకుండా లోపలికెళ్ళి కంప్యూటర్ చూశాను, అది ఇంకా శుభ్రంగా ఉంది. గాదెలో ఒక్క గింజ లేదు. కోపం వచ్చింది, అరవబోయాను, ఆయన మొహం చూసి అరవలేకపోయాను. కూర్చోబెట్టి చెప్పాను. ఇది గాదె కాదు మావయ్యా, ఫోన్‌లో ఉన్నదే పైన ఉంటుంది, పైన ఉన్నదే కంప్యూటర్లో ఉంటుంది, ఒక చోట వేస్తే మూడు చోట్లా పడుతుంది, ఒక చోట తీస్తే మూడు చోట్లా పోతుంది అని. ఆయన మెల్లగా నా మాట మింగారు. మరి గాదె అంటే అవునన్నావు కదమ్మా అని మాత్రం అన్నారు. దానికి నా దగ్గర సమాధానం ఉంది గానీ, అది పైనే చెప్పేశాను.

అత్తయ్య దీపం దగ్గర నుంచి లేచి వచ్చింది. గేదె ఫోటోల గురించి గానీ, తోట ఫోటోల గురించి గానీ, తన కొత్త పన్ను ఫోటోల గురించి గానీ అడగలేదు. ఒకటే అడిగింది, ఆ బెల్లం ఫోటో కూడా పోయిందా అని. పోయిందత్తా అన్నాను. పీడా పోయిందంది. ఆ రాత్రి కూరలో ఇంకో గరిటె నూనె పోసింది, పాటేదో కూడా కూనిరాగం తీసింది. మావయ్య సగం అన్నం వదిలేసి లేచారు.

మర్నాడు పొద్దున్న నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఆయన వచ్చి తీగ అవతల నిలబడ్డారు. దుప్పటి అడ్డంగా ఉంది, నాకు ఆయన కాళ్ళే కనిపిస్తున్నాయి. బహుశా అందుకే అడగగలిగారేమో.

"అన్నీ రాకపోయినా పర్లేదు. ఆ ఒక్కటీ రప్పించగలవేటమ్మా?"

ఏ ఒక్కటి అని అడగాల్సిన పని లేకపోయింది. అయినా దుప్పటి పక్కకి లాగి ఆయన మొహం చూశాను. కొత్త ఫోటోలు కావలసినన్ని తీసుకోవచ్చు కదా, అత్తయ్య ఇప్పుడు పిలిస్తే నిలబడుతోంది కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. అప్పుడు చెప్పారు, పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం ఆవిణ్ణి సైకిల్ వెనకాల కూర్చోబెట్టుకుని సినిమాకి తీసుకెళ్తుంటే ఫ్యాక్టరీ రోడ్డు మీద బారులు తీరిన చెరుకు బళ్ళు. ఎద్దు ఒకటి కొమ్ము విసిరింది. తప్పించబోయి ఈయన సైకిల్ పడేశారు. ఆవిడ మొహం బండి చక్రానికి తగిలింది. పన్ను అక్కడే, రోడ్డు మీదే పోయింది.

"నా సైకిల్ మీంచే కదమ్మా పడింది. నా మీద కోపం, అందికే మూసుకుంటాది. అది మొదలు కొంగు లేకుండా నవ్వగా సూసింది ఆ బెల్లం కాడ ఒక్క పూటే. ఇప్పుడు నవ్వుతాది గానీ, అది కొత్త పన్ను నవ్వమ్మా."

నేను ఇంట్లో అందర్నీ ఆటపట్టించే మనిషిని. ఆ పూట ఆ పని చెయ్యలేదు. తడి బట్టలు బుట్టలోనే వదిలేసి గట్టు మీద కూర్చుని ఆలోచించాను, ఈ లోకంలో ఆ ఫోటో ఇంకెక్కడైనా మిగిలి ఉండే వీలుందా అని. ఎవరికీ పంపలేదు, అత్తయ్య పంపనివ్వలేదు. అప్పుడు ల్యాప్‌టాప్ గుర్తొచ్చింది.

వదిన కూతురి పరీక్షలు అయిపోయినప్పటి నుంచి అది వాళ్ళింట్లో అల్మరా మీద పడి ఉంది, ఎవరూ తెరవట్లేదు. ఆ రోజు మేం తెరిచి చూసిన ఫోటోలన్నీ దాని లోపలే దిగి ఉన్నాయి. నెట్‌కి తగిలితే గానీ, ఇక్కడ ఊడ్చేశారన్న కబురు దానికి అందదు. కబురు అందనంత వరకు ఫోటో దాని దగ్గర భద్రంగా ఉంటుంది. నెట్ లేకుండా తెరవాలి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి లాక్కోవాలి, అంతే. మావయ్యకి ఇదంతా రెండుసార్లు చెప్పాను. వెంటనే వదినకి ఫోన్ చేసి ఆ ల్యాప్‌టాప్‌ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పమన్నాను. ఆదివారం వెళ్దామన్నాను. ఆయన మొహం కడిగిన పళ్ళెంలా మెరిసిపోయింది.

ఫోన్ చేశారు. ఆ మాట నిజం. కానీ చేసే సమయానికి అత్తయ్య పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆ దిక్కుమాలిన ఫోటో కోసం ఊరు దాటి వెళ్తున్నామని తెలిస్తే ఊరుకుంటుందా? అందుకని మావయ్య కూతురితో, ఆదివారం కంప్యూటర్ కోసం వస్తన్నామమ్మా, అని ఆ ఒక్క ముక్క చెప్పి పెట్టేశారు. ముట్టుకోవద్దన్న సగం గొంతులోనే ఉంచుకున్నారు. నాతో మాత్రం చెప్పేసేనమ్మా అన్నారు. నేను నమ్మాను.

ఆదివారం తెల్లారేసరికి అత్తయ్య కూడా బయల్దేరింది. కూతురింటికి తను లేకుండా ఎలా వెళ్తారని. పైగా ఒట్టి చేతులతో ఎలా వెళ్తారని. జంతికలు వండటానికి కూర్చుంది. మావయ్య చొక్కా తొడుక్కుని గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. జంతికలు అయ్యాక కూర అరటికాయలు కోసింది, అవి అయ్యాక పెరట్లో కరివేపాకు. మేం రావికమతం ఆటో ఎక్కేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చేసింది. ఆటోలో ఎదురుగా కూర్చున్న ముసలావిడతో అత్తయ్య దారి పొడుగునా కబుర్లు, పన్ను తళతళలాడుతూ నవ్వులు. మావయ్య ఆ నవ్వు చూడకుండా రోడ్డు చూస్తూ కూర్చున్నారు. నా చేతి సంచీలో పెన్‌డ్రైవ్ ఉంది, దాన్ని తడుముకుంటూ ఉన్నాను.

వదిన వీధిలోకే ఎదురొచ్చింది. లోపలికెళ్ళగానే చూశాను. హాల్లో స్టూలు మీద, ఇస్త్రీ తువాలు పరిచి, దాని మీద ల్యాప్‌టాప్. బూజు ఆనవాలు లేకుండా తుడిచి ఉంది. మూత మీద కుంకుమ బొట్టు. తెర వెలుగుతోంది.

నాన్న ప్రత్యేకంగా కంప్యూటర్ కోసమే వస్తున్నాడంటే, దాన్ని దుమ్ముతో ఇస్తే బావుండదని వదిన పొద్దున్నే దించిందట. చార్జింగ్ పెట్టిందట. ఇన్నాళ్ళూ తెరవలేదు కదా, పాడైందనుకుంటారేమోనని కూతురి చేత నెట్ కూడా కలిపించి, అన్నీ సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసుకోమందట. పొద్దుట్నుంచీ ఆన్‌లోనే ఉంది నాన్నా, అని ఎంతో సంబరంగా చెప్పింది. పుట్టింటి వాళ్ళ వస్తువు పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి అప్పగిస్తున్నానన్న గర్వం ఆమె మొహంలో.

నేను వదిన మొహం చూడలేదు, మావయ్య మొహం చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నారు. ఫోల్డర్ తెరిచాను. ఖాళీ. చెత్తబుట్ట తెరిచాను, అదీ ఖాళీ. నెట్ తీసేశాను, ఏదో గుడ్డి ఆశ. ఏమీ లేదు. పొద్దున మేం జంతికలు వండుకుంటున్న వేళకే దానికి కబురు అందిపోయి ఉంటుంది.

"నేదమ్మా?" అన్నారు మావయ్య.

లేదు మావయ్యా అన్నాను. ఆయన కుర్చీలో కూర్చుని తువాలుతో మొహం తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే ఉన్నారు, తువాలు మొహం మీంచి తియ్యలేదు. వదినకి ఏం జరిగిందో అర్థం కాక, భోజనాలు వడ్డించమంటారా అని అడిగింది.

అత్తయ్య జంతికల డబ్బా కింద పెట్టింది. ఏటి పోయింది అని నన్ను అడిగింది. మావయ్య నా వైపు చూసి వద్దన్నట్టు చెయ్యి కదిపారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇద్దరి మీదా. ఒకరు నోరు మూసుకుని, ఇంకొకరు కొంగు అడ్డం పెట్టుకుని ఇన్నేళ్ళు గడిపేశారు, మధ్యలో నేను పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆటోలు ఎక్కుతున్నాను. నీ బెల్లం ఫోటో కోసమే వచ్చాం అత్తా, అని గట్టిగానే చెప్పేశాను. అన్ని ఫోటోలూ పోయినా ఆయన ఒక్కదాని కోసమే ఏడుస్తున్నారు, కొంగూ కొత్త పన్నూ లేకుండా నువ్వు నవ్విన ఫోటో అదొక్కటేనట, సైకిల్ మీంచి పడేశారని నీకు ఇంకా కోపమేనట, అని మొత్తం కక్కేశాను.

ఆవిడ నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. వెనక్కి, పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది. నీళ్ళ చప్పుడు వినిపించింది. నేను హద్దు మీరానేమోనని భయం పట్టుకుంది. వదిన నన్ను గిల్లింది.

కాసేపటికి తిరిగొచ్చింది. కొంగు చివర ఏదో ముడి వేసి ఉంది. వచ్చి మావయ్య ఎదురుగా కింద కూర్చుని, ఆయన మొహం మీది తువాలు లాగేసింది. పన్ను లేదు. మూసుకోలేదు.

"కోపం కాదు బావా. ఆ రోజు నేను లేస్తే, నా మొకం సూసి నవ్వేవు నువ్వు. మల్లీ నవ్వుతావని మూసుకున్నాను."

మావయ్య కుర్చీలోంచి ముందుకి వంగారు.

"బతికున్నావని నవ్వేనే," అన్నారు.

వదిన ఏడుస్తోంది. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం దేనికి. అత్తయ్య మాత్రం ఏడవలేదు. మరి ఆ మాట అప్పుడే సెప్పలేవేటి అంది. అని, మొదట ముక్కుతో, తర్వాత భుజాలతో, తర్వాత నోరంతా తెరిచి నవ్వడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళ మొద్దుతనం తలుచుకుని నవ్వుతోందో, ఆయన వెర్రిమొహం చూసి నవ్వుతోందో తెలీదు. ఆగట్లేదు. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి, రెండూ ఖాళీగానే ఉన్నాయి.

మావయ్య గబగబా జేబులోంచి ఫోన్ తీశారు. నొక్కారు, మళ్ళీ నొక్కారు. నాకు చూపించారు. ఒక దాంట్లో సగం మొహం, ఇంకో దాంట్లో అంతా మసక, మూడో దాంట్లో బొటనవేలు తప్ప ఏమీ లేదు. ఒక్క నిమిషం కదలకుండా కూర్చోమని ఆవిణ్ణి బతిమాలారు.

"రేపూ ఉంటాదిలే ఈ నోరు. రేపు తీద్దువుగాని, లేచి అన్నం తిను," అంది.

తిరుగు ఆటోలో ఆవిడ ఆయన పక్కనే కూర్చుంది. ఆ పన్ను చోడవరం దాకా కొంగు ముడిలోనే ఉంది.